మన ఇంటిపేర్ల వనం

(సేవాలాల్ మహరాజ్ జయంతి సందర్భంగా ఇబ్రహీంపట్నంలో గిరిజన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ముందు వరుసలో కూర్చున్న యాడీలకు, బాపులకు, తండా నాయక్‌లకు, మంచాల, యాచారం దిక్కు నుంచి రెండు బస్సులు మారి వచ్చిన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు రామ్ రామ్. మనతో పాటు వచ్చి కూర్చున్న ఎరుకల అన్నలకు, అక్కలకు దండాలు.

ఈ రోజు నేను డిమాండ్లు చదవను. అవి కరపత్రంలో ఉన్నయి, చదువుకోండి. నేను ఒక్క చిన్న పని గురించే మాట్లాడుత. మన తండాల్లో మన కుటుంబాల పేరు మీద ఒక వనం పెట్టుకుందాం. ఇంటికొక చెట్టు, చెట్టు కింద ఒక బండ, బండ మీద ఆ ఇంటి పెద్దల పేర్లు. అందరూ వచ్చి కూర్చునే జాగ. తాళం లేని జాగ.

ఈ మాట మొదట మా తండాలో అన్నప్పుడు ఒక తాత నవ్విండు. "పట్టా లేదురా అంటే పార్కు అంటవేందిరా" అన్నడు. ఆ తాత మాట నన్ను చాన రోజులు నిద్రపోనీయలేదు. ఆయనకు జవాబు చెప్పడానికే ఇయ్యాల ఇక్కడ నిలబడ్డ.

ముందు నా సంగతి ఒకటి చెప్త. డిగ్రీలో నాది హిస్టరీ. కుతుబ్‌షాహీ రాజుల పేర్లు వరుసగా రాసి మార్కులు తెచ్చుకున్న. మన ఊరికి ఈ పేరు ఇబ్రహీం కులీ కుతుబ్‌షా వల్ల వచ్చిందని, 1550 నుంచి 1580 దాకా ఆయన పాలించిండని, మన పెద్ద చెరువు ఆ కాలపుదని నిద్రలో లేపి అడిగినా చెప్త. తర్వాత ఒక సర్టిఫికెట్ కోసం ఒక ఆఫీసుకు పోయిన. ఆడ కుర్చీలో ఉన్నాయన అడిగిండు: "మీ ముత్తాత పేరేంది? మీరు ఎక్కణ్నుంచి వచ్చిన్రు?" నా నోట మాట రాలే. రాజు ముత్తాత పేరు తెలుసు, నా ముత్తాత పేరు తెల్వదు. ఆయన నన్ను తిట్టలే, ఎగతాళి చెయ్యలే. ఫారంలో ఆ గడి ఖాళీగా ఉంచిండు, అంతే. ఆ ఖాళీ గడి నన్ను ఇంటిదాకా వెంటాడింది.

ఇంటికొచ్చి మా దాదిని అడిగిన. ఆమెకు చదువు రాదు. వేళ్ళు ముడుచుకుంట చెప్పుకొచ్చింది. మామ పేరు, ఆ మామ తండ్రి పేరు, ఆయన తండ్రి పేరు. ఎద్దుల మంద ఎక్కడ ఆగింది, మొదటి బావి ఎవరు తవ్విన్రు, గుట్ట దగ్గర ఎవరి గుడిసె మొదట పడ్డది, కరువు ఏడు ఎవరింట్ల జొన్నలు అందరికీ పంచిన్రు. ఐదు తరాలు ఐదు వేళ్ళ మీద. రికార్డు మా ఇంట్లోనే ఉంది, నేనే ఎప్పుడూ అడగలే.

మిత్రులారా, మనది రాసుకున్న చరిత్ర కాదు, పాడుకున్న చరిత్ర. మన వంశావళి చెప్పేటోళ్ళు భాట్‌లు, ఢాడీలు. ఇంటింటికీ వచ్చి గోత్రం ఎత్తి, తాత ముత్తాతల పేర్లు తీసి పాడేటోళ్ళు. పెండ్లిలో ఆడబిడ్డ పుట్టిల్లు వదిలేటప్పుడు ఢావ్‌లో పాడుతది. ఏడుపే పాట, పాటే చరిత్ర. అందులో తల్లిగారి ఇల్లు, అన్నదమ్ములు, తండా అన్నీ ఉంటయి. ఇప్పుడు పెండ్లిలో డీజే పెడుతున్నం. ఢాడీ ఇంటికొస్తే పది రూపాయలిచ్చి పంపుతున్నం. పాట ఆగిపోతే పేర్లు కూడా ఆగిపోతయి.

పేరు పోతే ఏమైతది? హైదరాబాద్‌లో బంజారాహిల్స్ చూడండి. ఆ గుట్టల మీద బంజారాలు ఉండేటోళ్ళు కాబట్టే ఆ పేరు. ఇయ్యాల ఆ పేరు సైన్‌బోర్డుల మీద ఉంది, మాల్‌ల మీద ఉంది, ఆస్పత్రుల మీద ఉంది. ఆ గుట్ట మీద ఏ నాయక్ గుడిసె ఎక్కడుండె, ఎవరి బావి ఎక్కడుండె అంటే ఒక్క బండ కూడా చెప్పదు. 2022 సెప్టెంబర్ 17న అదే బంజారాహిల్స్‌లో సేవాలాల్ పేరిట బంజారా భవన్, దాంతో పాటు కుమ్రం భీం పేరిట ఆదివాసీ భవన్ ప్రారంభించిన్రు. మంచిదే, సంతోషించినం. కానీ భవన్ కట్టిన నాటికి ఆ గుట్ట మీది తండా లేదు. మన పేరు నగరానికి మిగిలింది, జాగ మనకు మిగలలే.

ఇప్పుడు ఆ నగరం మన దిక్కు నడిచొస్తున్నది. అవుటర్ రింగ్ రోడ్డు బొంగుళూరు దాకా వచ్చింది. ఆదిభట్లలో ఐటీ, విమానాల కంపెనీలు వచ్చినయి. 2025 మార్చిలో ప్రభుత్వం ఫ్యూచర్ సిటీ డెవలప్‌మెంట్ అథారిటీని పెట్టింది. 7 మండలాలు, 56 గ్రామాలు. అందులో ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం మూడూ ఉన్నయి. నేను అభివృద్ధికి వ్యతిరేకం కాదు. ఆ కంపెనీల్లో ఉద్యోగం మా తమ్ముళ్ళకూ కావాలె. కానీ ఒక మ్యాప్ గీసేటప్పుడు, ఆ మ్యాప్‌లో తండా అంటే ఏంది? నాలుగు సర్వే నంబర్లు. దాది ఐదు వేళ్ళ మీద చెప్పింది ఏ మ్యాప్‌లోనూ ఉండదు.

ఇక మా తాత ప్రశ్నకు వస్త. పట్టా లేనోళ్ళకు పార్కు ఎందుకు?

ఒక్క నిమిషం చట్టం మాట్లాడుకుందాం, చిన్నోళ్ళు రాసుకోండి. ఆదిలాబాద్, భద్రాచలం దిక్కు ఏజెన్సీలో 1/70 చట్టం ఉంది. ఆడ గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనరాదు. మన ఇబ్రహీంపట్నం షెడ్యూల్డ్ ఏరియా కాదు. మనకు 1/70 లేదు, పెసా చట్టం లేదు. మనకున్నది ఎక్కువ భాగం అసైన్డ్ భూమి, దానికి 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం. అంటే ఇక్కడ మన పునాది పల్చగ ఉంది. అందుకే ఉన్న ప్రతి ఆధారాన్ని గట్టిగ పట్టుకోవాలె.

2013 భూసేకరణ చట్టం ఒక మాట చెప్తది. భూమి తీసుకునే ముందు సామాజిక ప్రభావ అధ్యయనం చెయ్యాలె. ఆ అధ్యయనంలో ఏమేం లెక్కపెట్టాలో నాలుగో సెక్షన్‌లో రాసి ఉంది: తాగునీటి వనరులు, ఊరుమ్మడి కుంటలు, పశువుల మేత బీళ్ళు, తోటలు, గుళ్ళు, గిరిజన సంప్రదాయ సంస్థల జాగలు, శ్మశానాలు. తోటలు అన్న మాట ఆ జాబితాలోనే ఉంది. గ్రామసభ తీర్మానంతో, సర్వే నంబరుతో, ఫొటోలతో, కుటుంబాల పేర్లతో నిలబడ్డ ఒక ఉమ్మడి వనం ఉంటే, లెక్కపెట్టడానికి వచ్చినాయన దాన్ని చూడలేదని చెప్పలేడు. మన రాష్ట్రం తెచ్చిన సవరణతో కొన్ని రకాల ప్రాజెక్టులకు ఈ అధ్యయనం నుంచి మినహాయింపు ఉన్నది, అది కూడా తెలుసుకోండి. అంటే వాళ్ళొచ్చి మనల్ని అడిగి రాసుకుంటరని కూర్చుంటే కుదరదు. మనమే ముందు రాసిపెట్టుకోవాలె. జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం ప్రతి పంచాయతీలో, మున్సిపాలిటీలో జీవవైవిధ్య కమిటీ ఉండాలె, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలె. మన చెట్లు, మన మందు మొక్కలు, వాటి పేర్లు గోర్‌బోలిలో ఆ రిజిస్టర్‌లోకి ఎక్కాలె.

కాబట్టి తాతా, పార్కు పట్టాకు బదులు కాదు. పట్టా కొట్లాట ఆగదు. వనం ఆ కొట్లాటకు సాక్షి.

ఇది నేను కనిపెట్టింది కాదు. జార్ఖండ్‌లో ముండా ఆదివాసులకు ససన్‌దిరి అని ఉంటయి. పెద్దల అస్థికల మీద పెట్టే రాళ్ళు, కిలీ వారీగా, అంటే వంశం వారీగా. ఆ ఊరు ఎవరిదంటే ఆ రాళ్ళే చెప్తయి. మా పట్టాలు ఇవే అని ఆ రాళ్ళను కలకత్తా దాకా మోసుకుపోయి దొరలకు చూపించినమని ముండాలు ఇప్పటికీ చెప్పుకుంటరు. అదే రాంచీలో బిర్సా ముండా 1900 జూన్ 9న ప్రాణం వదిలిన పాత జైలు ఉంది. దాన్ని బిర్సా స్మారక ఉద్యానంగ, మ్యూజియంగ మార్చి 2021 నవంబర్ 15న తెరిచిన్రు. ఆయన పోయిన 121 ఏండ్లకు.

మన రాష్ట్రంలో ఇంద్రవెల్లి ఉంది. 1981 ఏప్రిల్ 20. భూమి కోసం సభకు వస్తున్న ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపిన్రు. సర్కారు లెక్క 13 మంది. చనిపోయినోళ్ళు అంతకు ఎన్నో రెట్లని ప్రజా సంఘాలు అప్పటి నుంచీ చెప్తనే ఉన్నయి. ఆ స్థూపం దగ్గర ఏప్రిల్ 20న ఒక పువ్వు పెట్టడానికి కూడా ఏండ్ల తరబడి పోలీసుల ఆంక్షలు. 2024 ఫిబ్రవరి 2న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అక్కడ అమరుల స్మృతివనానికి శంకుస్థాపన చేసిండు. లెక్క చూడండి, దాదాపు 43 ఏండ్లు. ఇంద్రవెల్లి త్యాగం గోండు అన్నదమ్ములది, దాన్ని నాది అని నేను చెప్పుకోను. మనకూ వాళ్ళకూ మధ్య ఇయ్యాల కొన్ని తగాదాలున్నయి, అది నాకు తెల్వక కాదు. కానీ ఆ వనం ముందు తలవంచి ఒక పాఠం నేర్చుకుంట: 13 మంది అన్న లెక్క ఎందుకు తేలలేదంటే, పేర్ల లిస్టు తుపాకి పట్టినోళ్ళ చేతిలో ఉండె. మన పేర్ల లిస్టు మన చేతిలో ఉండాలె. ఎవరో చనిపోయేదాకా, ఎవరో శంకుస్థాపనకు వచ్చేదాకా ఆగొద్దు.

పైగా మన వనం అమరులకే కాదు. బావి తవ్వినాయనకు, బొంబాయిలో మేస్త్రీ పనికి పోయి ఇంటికి డబ్బులు పంపినాయనకు, పది కాన్పులు పోసిన మంత్రసానికి, బండ కొట్టిన తల్లికి. వీళ్ళకు ఎవరు విగ్రహం పెడతరు? మనమే ఒక చెట్టు పెట్టాలె.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలె. మా తండాలో లిస్టు రాసే పని నేనే తీసుకున్న. వారం తిరిగి శుభ్రంగ రాసి, కంప్యూటర్‌ల టైప్ చేయించి, మా దాది ముందు చదివిన. నాయక్ వంశం పైన, ఆ తర్వాత కార్‌భారీ ఇల్లు, ఆ తర్వాత మిగతా ఇండ్లు. తాతలు, ముత్తాతలు అందరూ ఉన్నరు. దాది అంతా విని ఒక్క మాట అడిగింది. "ఇండ్ల నేనేడున్నరా?"

లేదు. ఆమె లేదు. నాకు ఐదు తరాలు చెప్పిన మనిషి పేరు నా లిస్టులో లేదు. నేను రాసిన పేర్లన్నీ మొగోళ్ళవి. ఆమె పుట్టిన తండా, ఆమె తల్లి పేరు, ఆమె గోత్రం ఎక్కడా లేవు. ఇంకొకటి చూసిన. తండా చివర్ల రెండు ఇండ్లున్నయి. భూమి లేదు, బయట నుంచి వచ్చి బతుకుతున్నరు. వాళ్ళూ లేరు. మన బట్టలకు అద్దాలు, గవ్వలు కుట్టే ముసలామె ఉంది, ఒంటరిది. "ఆమెకు కుటుంబమేడుంది" అని నేనే వదిలేసిన. సర్కారు మనల్ని లిస్టుల నుంచి తీసేసిందని మైకులో అరిచేటోన్ని, నా చేతికి పెన్ను రాంగనే నేనూ అదే చేసిన.

ఆ లిస్టు చింపేసినం. కొత్తగ మొదలుపెట్టినం. అప్పుడు కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నం. మీ తండాల్లో కూడా పనికొస్తయని చెప్తున్న.

మొదటిది, పేర్లు. ప్రతి బండ మీద దాదా పేరు పక్కన దాది పేరు, ఆమె పుట్టింటి గోత్రంతో సహా. భూమి ఉన్న ఇల్లు, లేని ఇల్లు అని తేడా లేదు. ఒంటరి మనిషి కూడా ఒక కుటుంబమే. తండాలో ఎరుకల ఇల్లున్నా, దళితుల ఇల్లున్నా వాళ్ళ చెట్టూ ఉంటది. వరుస హోదాను బట్టి కాదు, ఇండ్లున్న వరుసను బట్టి. ఇద్దరన్నదమ్ముల మధ్య పేరు మీద పంచాయితీ వస్తే ముసలోళ్ళను కూర్చోబెట్టి తేల్చుకోవాలె, తేలేదాకా బండ ఖాళీగ ఉంచాలె. అబద్ధం రాయొద్దు.

రెండోది, జాగ. ఎవరి అసైన్డ్ భూమినీ గుంజుకోవద్దు. శ్మశానం మీదికి, పశువుల బీడు మీదికి పోవద్దు. గ్రామకంఠంలోనో పంచాయతీ ఖాళీ స్థలంలోనో చూసుకోవాలె. 2018 పంచాయతీరాజ్ చట్టంతో చాన తండాలు పంచాయతీలైనయి. మా తండాలో మా రాజ్యం అని అప్పుడు ఊరేగినం కదా, ఆ రాజ్యంతో ఒక తీర్మానం చేయించుకుందాం. మున్సిపాలిటీలో కలిసిన తండాలైతే కౌన్సిల్ తీర్మానం కావాలె. 2020 నుంచి పల్లె ప్రకృతి వనాలు వచ్చినయి. మీ తండాలో అది ఉంటే కొత్త జాగ వెతకనే వద్దు. దానికే మన పేర్లు, మన కథ చేర్చండి, ఎండిపోయి ఉంటే బతికించండి.

ఒక వెంచర్ ఆయన మా దగ్గరికి వచ్చి, "మా లేఔట్ల పార్కు ఉంది, మీ సేవాలాల్ విగ్రహం పెట్టిస్త, మీ పేరే పెడత" అన్నడు. మా పిల్లలు సంబరపడ్డరు. నేను ఒక్కటే చెప్పిన: లేఔట్‌లో పార్కుకు వదిలే స్థలం ఆయన దానం కాదు, రూల్. గిఫ్ట్ డీడ్ మీద పంచాయతీకో మున్సిపాలిటీకో రాయాల్సిందే. గేటు లోపల ప్లాట్లు అమ్ముకోవడానికి మన విగ్రహం, గేటు బయట మన తండా. అట్లాంటి వనం మనకొద్దు.

మూడోది, చెట్లు. షోకు మొక్కలు, కోనోకార్పస్ అసలే వద్దు. మన చెట్లు పెట్టుకుందాం. వేప, ఎందుకంటే శీత్లా భవానీ, ఏడుగురు దేవతల రాళ్ళు వేప కిందనే ఉంటయి. మోదుగ, మన హోలీ రంగు దానిదే. ఇప్పుడు బయటికి పోయి చూడండి, గుట్టల మీద పూత మొదలైంది. విప్ప, చింత, నేరేడు, రేల, కానుగ. మన గుట్టల సీతాఫలం. కంచెకు తంగేడు. ఏ ఇంటికి ఏ చెట్టు అన్నది ఆ ఇల్లే చెప్పాలె. ఆకలి నాడు చింత చిగురు తిని బతికిన ఇంటికి చింతే పెట్టాలె. అరెకరంలో 20 అడుగులకొకటి పెడితే 50 చెట్ల దాకా పడతయి. ఇండ్లు ఎక్కువుంటే ఒకే వంశం ఇండ్లు రెండు మూడు కలిసి ఒక చెట్టు తీసుకోండి.

నాలుగోది, నీళ్ళు. నాటిన రోజు ఫొటో అందరూ దిగుతరు, మూడో ఎండాకాలం దాకా నీళ్ళు ఎవరు పోస్తరన్నదే అసలు ముచ్చట. మా తండాలో ఎవరి చెట్టుకు వాళ్ళు అనుకున్నం. కానీ ఇల్లు తాళమేసి పనికి పోయినోళ్ళ చెట్టు ఎండిపోవాల్నా? అందుకే వంతులు పెట్టినం, వారానికి నాలుగు ఇండ్లు. ఎవరి వంతైనా అన్ని చెట్లకూ పోయాలె. మేకలు మేస్తే మేకల యజమాని మళ్ళీ నాటాలె. నవ్వకండి, మా ఇంట్ల కూడా మేకలున్నయి.

ఐదోది, బండ. పాలరాతి ఫలకం వద్దు, తాండూరు బండ చాలు. దాని మీద తెలుగు అక్షరాల్లో మన గోర్‌బోలి. ఇంటి పేర్లు, ఎక్కణ్నుంచి వచ్చిన్రు, ఏం పని చేసిన్రు. మూడు లైన్లు. ఏ నాయకుడి పేరూ, ఏ పార్టీ రంగూ, ఏ దాత పేరూ వనంలో ఉండొద్దు. మన సంఘం పేరు కూడా వద్దు.

ఈ పని మనకు కొత్త కాదు చెల్లెళ్ళారా. తీజ్ నాడు మీరు చేసేది ఏంది? బుట్టల్లో మట్టి పోసి, గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్ళు పోసి, పాటలు పాడుకుంట మొలకలు పెంచుతరు. పెండ్లి కాని ఆడపిల్లల చేతుల మీద ఒక తోట లేస్తది. ఆ తొమ్మిది రోజులను తొంభై ఏండ్లు చేద్దాం, అంతే తేడా. మనది ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంట దేశం తిరిగిన జాతి. రైలు వచ్చి ఆ లదేణి బతుకు పోయింది. తర్వాత 1871 చట్టంతో తెల్లోడు సంచార జాతులకు నేరస్తుల ముద్ర వేసిండు. కదిలితే దొంగ అన్నరు, ఆగితే ఆక్రమణదారు అన్నరు. ఆగిన చోట మన చేత్తో నాటిన చెట్టు నీడ మీద మన పేరు రాసుకోవడం, మేమిక్కడోళ్ళమే అని చెప్పడం.

పని క్యాలెండర్ చెప్పి ముగిస్త. ఇప్పుడు ఫిబ్రవరి. ఉగాది లోపు పేర్లు రాసుడు అయిపోవాలె. చదివిన లిస్టు మీద తండా అంతా కూర్చొని అభ్యంతరాలు వినాలె, ఆడోళ్ళు లేకుండ ఆ కూర్చునుడు చెల్లదు. ఎండాకాలంలో గుంతలు తవ్వాలె, రెండడుగుల లోతు. ఎండకు మట్టి కాగాలె, పెంట ఎరువు కలపాలె. మృగశిర వానలు పడంగనే నాటాలె. తీజ్ నాటికి మొదటి పాట ఆ చెట్ల నడుమ పాడాలె. భాట్‌లను, ఢాడీలను పిలిచి, మర్యాద చేసి, ఒక్కో చెట్టు కింద నిలబెట్టి ఆ ఇంటి వంశం పాడించాలె. ఫోన్‌ల రికార్డు చేసుకోవాలె.

అంతకన్నా ముందు ఈ రాత్రి పని ఒకటుంది. ఇంటికి పోయి అన్నం తిన్నంక ఫోన్‌ల రీల్స్ బంద్ చేసి, రికార్డర్ ఆన్ చేసి, ఇంట్లో ముసలోళ్ళ పక్కన కూర్చోండి. ఒక్కటే అడగండి: "నీ తల్లి పేరేంది? ఆమె ఏ తండా బిడ్డ?" చూడండి, వాళ్ళ మొఖం ఎట్ల మారుతదో. ఎన్ని ఏండ్లయిందో ఎవరన్నా వాళ్ళను ఆ మాట అడిగి.

మా దాది వేప కావాలన్నది. ఎందుకే అంటే, "శీత్లా యాడి నీడ ఉంటది, నేను పోయినంక నువ్వొచ్చి కూర్చోవచ్చు" అన్నది. గుంత జాగ ఆమెనే కట్టె పట్టుకొని చూపించింది. మృగశిర దాకా ఆమె చల్లగ ఉండాలె, మొక్క ఆమె చేత్తోనే పెట్టాలె. ఆఫీసు ఫారంలో ఆ ఖాళీ గడి అట్లనే ఉంది. బండ మీద మాత్రం ఖాళీ ఉండదు.

జై సేవాలాల్! జల్, జంగల్, జమీన్ జిందాబాద్!